మొలతాడుకి కట్టుకున్న తాళంచెవి: కెప్టెన్సీ మార్పు గురించి

(2025 నవంబర్ గ్రంథాలయ వారోత్సవాల్లో భాగంగా కావలి శాఖా గ్రంథాలయంలో ఒక రిటైర్డ్ పీఈటీ మాస్టారు మాట్లాడింది ఫోన్ లో రికార్డ్ చేసి రాసుకున్నది. చివర్లో పిలకాయలు అడిగినవి కూడా ఉంచాం.)

అందరికీ నమస్కారం. లైబ్రేరియన్ మేడం గారికి, వేదిక మీద పెద్దలకి, కాలేజీల నించి వచ్చిన పిలకాయలకి నమస్కారం. వెనక దాకా వినపడతా ఉందా? వినపడకపోతే చెయ్యెత్తండి.

నిన్న ఇక్కడ తిక్కన గారి మీద మాట్లాడారంట, ఈ రోజు నన్ను క్రికెట్ మీద మాట్లాడమన్నారు. మేడం ఫోన్ చేసినప్పుడు లైబ్రరీలో క్రికెట్ ఏంది మేడం అని అడిగా. ఆమె ఏం చెప్పిందంటే, సార్, పొద్దున తలుపు తియ్యంగానే పిలకాయలు ముందు లాక్కునేది స్పోర్ట్స్ పేజీనే, గత నెల రోహిత్ శర్మని వన్డే కెప్టెన్సీ నించి తీసేసినప్పుడైతే ఆ పేజీ దగ్గర ఇద్దరు కొట్టుకునే దాకా పోయింది, మీరొచ్చి నాలుగు మాటలు చెప్పండి అని. సరే వస్తా అన్నా. నేను కూడా ఒకప్పుడు ఆ పేజీ కోసమే లైబ్రరీ మెట్లెక్కినోణ్ణి.

మా నాయన బిట్రగుంట లోకో షెడ్ లో పని చేసేవాడు. రైల్వే క్వార్టర్స్ లోనే పెరిగా. 1983 జూన్ 25న నాకు ఇరవై ఏళ్ళు, మా లైన్ లో టీవీ లేదు, రేడియో ఉండేది, లార్డ్స్ లో వరల్డ్ కప్ ఫైనల్, మనోళ్ళు 183కే ఆలౌట్ అయితే మా నాయన ఇంకేముందిరా అని రేడియో కట్టేసి నైట్ డ్యూటీకి పోయాడు. నేను మళ్ళీ పెట్టుకున్నా. వెస్టిండీస్ 140కి అయిపోయింది, 43 పరుగులతో గెలిచాం, ఆ రాత్రి క్వార్టర్స్ లో ఎవరూ పడుకోలా. ఆ కథ మీ అందరికీ తెలుసు. కానీ దాంట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోని ముక్క ఒకటి ఉండాది. ఆ టీమ్ లో గవాస్కర్ ఉన్నాడు గదా, ఆ కప్పుకి కొన్ని నెలల ముందు దాకా కెప్టెన్ ఆయనే. పాకిస్తాన్ లో సిరీస్ ఓడిపోయి వచ్చినాక కెప్టెన్సీ కపిల్ కి ఇచ్చారు. మళ్ళీ ఏడాదిన్నర తిరక్కముందే కపిల్ దగ్గర్నించి తీసి గవాస్కర్ కి ఇచ్చారు, 1985లో ఆస్ట్రేలియాలో జరిగిన వరల్డ్ చాంపియన్ షిప్ గవాస్కర్ కెప్టెన్సీలో గెలిచాం, ఆ టీమ్ లో కపిల్ ఉన్నాడు, ఆ తర్వాత మళ్ళీ కపిలే కెప్టెన్. మా క్వార్టర్స్ లో అప్పుడే రెండు పార్టీలు. సునీల్ పార్టీ, కపిల్ పార్టీ. ఒకే పంపు దగ్గర నీళ్ళు పట్టుకునే వాళ్ళు వారాలు వారాలు మాట్లాడుకోలేదు. అంటే ఈ రోగం మీ వాట్సాప్ తో వచ్చింది కాదు, మా రోజుల్లోనే ఉంది, కాకపోతే అప్పుడు పంపు దగ్గర ఆగిపోయేది, ఇప్పుడు ఆడే వాళ్ళ పెళ్ళాం బిడ్డల దాకా పోతా ఉండాది. అది నాకు చానా కష్టంగా ఉంటది.

నేను ఈ రోజు చెప్పాలనుకునేది ఒక్క విషయమే. కెప్టెన్సీ మారినప్పుడు అందరూ కొత్త కెప్టెన్ ని చూస్తారు. మీరు దిగిన కెప్టెన్ ని చూడండి. ఆయన ఎక్కడ నిలబడ్డాడు, ఎట్టా ఆడాడు, ఎవరితో మాట్లాడాడు, అది చూడండి. ఇంకోటి, ఆయనకి ఆ సంగతి ఎట్టా తెలిసిందో కూడా కనుక్కోండి. సగం గొడవలు అక్కణ్ణుంచే పుడతాయి.

మొన్నటి సంగతే తీసుకుందాం. అక్టోబర్ 4న వన్డే టీమ్ ప్రకటించారు, రోహిత్ ప్లేస్ లో శుభ్‌మన్ గిల్ కెప్టెన్ అన్నారు. టెస్టులకి మే 24నే ఇచ్చేశారు, రోహిత్ టెస్టుల్నించి రిటైర్ అయ్యాడు గాబట్టి అప్పుడు పెద్ద గొడవ లేదు. వన్డేల్లో మాత్రం రోహిత్ ఆడతానే ఉండాడు, మార్చి 9న దుబాయ్ లో న్యూజిలాండ్ మీద చాంపియన్స్ ట్రోఫీ గెలిచిన కెప్టెన్, 56 వన్డేలకి కెప్టెన్సీ చేస్తే 42 గెలిచినోడు. అట్టాంటి వాణ్ణి ఎట్టా దించుతారు అని మనోళ్ళకి మండిపోయింది. అందులోనూ రోహిత్ వాళ్ళమ్మది విశాఖపట్నం, డెక్కన్ చార్జర్స్ లో ఆడినప్పటి నించి మన పిల్లోడే అనుకుంటా ఉండాం. టెస్టులు, వన్డేలు, టీ20లు అని మూడు ఫార్మాట్లకి ముగ్గురు కెప్టెన్లు ఉంటే కోచ్ కీ ప్లానింగ్ కీ కుదరదు, వచ్చే వన్డే వరల్డ్ కప్ 2027లో, దానికి ఇప్పట్నించే తయారు చేసుకోవాలి, రోహిత్ కి సంగతి చెప్పాం అని సెలెక్టర్ల చైర్మన్ అగార్కర్ అన్నాడు. ఆ కారణం మీకు నచ్చొచ్చు నచ్చకపోవచ్చు, నాకు సగం నచ్చింది సగం నచ్చలా, కానీ మనిషికి చెప్పాం అన్నారు చూడండి, నేను ఆ మాట దగ్గరే ఆగా.

ఇప్పుడు సిడ్నీకి పోదాం. అక్టోబర్ 25 శనివారం, పొద్దున తొమ్మిదింటికే మ్యాచ్. అప్పటికి పెర్త్, అడిలైడ్ రెండూ ఓడిపోయి సిరీస్ పోయింది. పెర్త్ లో రోహిత్ 8, కోహ్లీ సున్నా. అడిలైడ్ లో రోహిత్ 73 కొట్టాడు, కోహ్లీ మళ్ళీ సున్నా. మన ట్రంక్ రోడ్డు మీద నేను టీ తాగే అంగడి దగ్గర ఒకడు అన్నాడు, చూడు సార్, గిల్ గాడికి వీళ్ళు ఇద్దరూ కావాలనే ఆడటం లేదు అని. ఎంత మాట! నాకు ఆ టీ గొంతు దిగలా. ఆ రోజు సిడ్నీలో టార్గెట్ 237. కొత్త కెప్టెన్ గిల్ 24 కొట్టి అవుట్ అయి లోపలికి పోయాడు. ఇంక అక్కణ్ణుంచి చూడండి, క్రీజ్ లో ఎవరు? పాత కెప్టెన్లు ఇద్దరు. రోహిత్ 121 నాటౌట్, కోహ్లీ 74 నాటౌట్, ఇద్దరి మధ్య 168 పరుగులు విడిపోకుండా. తొమ్మిది వికెట్లతో మ్యాచ్ అయిపోయింది. వన్డే కెప్టెన్ గా గిల్ కి అదే మొదటి గెలుపు, దాన్ని కట్టి చేతిలో పెట్టింది ఆయన కన్నా ముందు ఆ కుర్చీలో కూర్చున్న ఇద్దరు. మ్యాన్ ఆఫ్ ది సిరీస్ కూడా రోహితే. కావాలని ఆడకపోవడం అంటే ఇదేనా చెప్పండి. ఆ టీ అంగడి ఆయన్ని నేను తర్వాత ఏమీ అడగలేదు, కానీ ఆయనే నన్ను చూసి ఇంకో టీ పొయ్యమన్నాడు.

సరే, ఇది కొత్తదేం కాదు. మన ఇండియా టెస్ట్ క్రికెట్ కి మొట్టమొదటి కెప్టెన్ ఎవరు? ఎవరన్నా చెప్పండి. ఆ, కరెక్ట్ అమ్మా, సి.కె. నాయుడు. నాగ్‌పూర్ లో పుట్టినా తెలుగు కుటుంబం. 1932 జూన్ 25న లార్డ్స్ లో మొదటి టెస్ట్. చూశారా, 83 కప్పు గెలిచింది కూడా అదే జూన్ 25, అదే లార్డ్స్, 51 ఏళ్ళ తర్వాత. నిజానికి ఆ టూర్ కి కెప్టెన్ గా పోయింది పోర్‌బందర్ మహారాజు, ఆ కాలంలో రాజులే కెప్టెన్లు, ఆయన తన ఆట సంగతి తనకి తెలిసి టెస్టులో తప్పుకుంటే నాయుడు గారు చేశారు. నాలుగేళ్ళు తిరిగే సరికి 1936లో ఇంగ్లండ్ టూర్ కి కెప్టెన్ ఎవరయ్యా అంటే విజ్జీ, విజయనగరం మహారాజకుమార్. ఆయన ఆటలో నాయుడు గారి పక్కన నిలబడగలిగిన మనిషి కాదు, చరిత్ర రాసిన వాళ్ళంతా ఒప్పుకునే సంగతే. ఆ టూర్ లో ఎన్ని గొడవలో చెప్పలేం, లాలా అమర్‌నాథ్ ని మొదటి టెస్ట్ కూడా ఆడనీకుండా ఇంటికి పంపించేశారు. మరి నాయుడు గారు ఏం చేశారు? దేశానికి మొదటి కెప్టెన్, నలభై ఏళ్ళ మనిషి, ఆ టీమ్ లో మామూలు ఆటగాడిలాగా మూడు టెస్టులూ ఆడారు. చివరి టెస్ట్ ఓవల్ లో, రెండో ఇన్నింగ్స్ లో 81 కొట్టారు. ఇంకో సంగతి కూడా చెప్పాలి, మన ఆంధ్ర జట్టు రంజీల్లో అడుగు పెట్టిన 1953-54 సీజన్ లో కెప్టెన్ గా వచ్చి నిలబడింది కూడా ఆయనే, అప్పటికి ఆయనకి 58 ఏళ్ళు. ఆ వయసులో నేను గ్రౌండ్ లో నాలుగు రౌండ్లు నడిస్తే ఆయాసం వచ్చేది. పెద్దాయనకి ఎవరూ కుర్చీ వెయ్యకపోయినా బ్యాట్ పట్టుకుని వచ్చేవాడు అనిపిస్తది నాకు.

మొన్న ఆదివారం కోల్‌కతా టెస్ట్ చూసే ఉంటారు. 124 కొట్టలేక 93కి ఆలౌట్ అయ్యాం, సౌతాఫ్రికా 30 పరుగులతో గెలిచింది. చూడలేకపోయా, మధ్యలో లేచి పెరట్లోకి పోయి మొక్కలకి నీళ్ళు పోశా. అంతకు ముందు రోజు గిల్ ఒక స్వీప్ కొట్టి మెడ పట్టుకుని బయటికి పోయాడు, నాలుగు పరుగుల దగ్గర, ఇంక బ్యాటింగ్ కి రాలా, పంత్ కెప్టెన్సీ చేశాడు. దానికి కూడా మనోళ్ళు నవ్వుతా మెసేజ్ లు పెడతా ఉండారు, మెడ మీద కిరీటం బరువైందని. తప్పు. దెబ్బ తగిలిన మనిషిని చూసి నవ్వకూడదు. 1962లో వెస్టిండీస్ లో నారీ కాంట్రాక్టర్ అని మన కెప్టెన్, బార్బడోస్ లో చార్లీ గ్రిఫిత్ బాల్ తలకి తగిలి పుర్రె పగిలింది, చావు దాకా పోయి బతికాడు, వాళ్ళ కెప్టెన్ ఫ్రాంక్ వారెల్ రక్తం ఇచ్చాడు ఆయన కోసం. ఇంక ఆయన ఎప్పుడూ టెస్ట్ ఆడలా. రాత్రికి రాత్రి కెప్టెన్సీ వచ్చి పడింది పటౌడీ మీద, 21 ఏళ్ళ పిల్లోడు, అప్పటికే కారు యాక్సిడెంట్ లో ఒక కన్ను చూపు పోయినోడు. ఆ పిల్లోడు కోరుకున్న కెప్టెన్సీనా అది? కొన్నిసార్లు కుర్చీ అట్టా వస్తది. 1971లో పటౌడీని తీసేసి వాడేకర్ ని చేశారు, సెలెక్టర్ల చైర్మన్ విజయ్ మర్చంట్ తన కాస్టింగ్ ఓటుతో. అది కూడా పెద్ద గొడవే. అదే ఏడాది వాడేకర్ వెస్టిండీస్ లోనూ ఇంగ్లండ్ లోనూ సిరీస్ లు గెలిచి వచ్చాడు, తర్వాత పటౌడీ వచ్చి వాడేకర్ కింద ఆడాడు.

ఇప్పుడు నేను ఇక్కడికి ఎందుకొచ్చానో ఆ సంగతికి వస్తా. 1998. షార్జా. మీలో చానా మంది పుట్టలా అప్పటికి. ఏప్రిల్ 22న ఆస్ట్రేలియా మీద సచిన్ 143, ఇసుక తుఫాను వచ్చి మ్యాచ్ ఆగి మళ్ళీ మొదలైన రోజు, రెండు రోజులకి ఫైనల్, ఏప్రిల్ 24, ఆయన పుట్టిన రోజు, 134. మా వీధిలో మా ఇంట్లోనే కేబుల్ ఉండేది, హాల్లో చోటు చాలక కిటికీలకి వేలాడారు జనం. ఆ టీమ్ కి కెప్టెన్ ఎవరు? సచిన్ కాదు, మన హైదరాబాద్ అజారుద్దీన్. ఆ జనవరిలోనే సచిన్ ని తీసేసి మళ్ళీ అజార్ కి ఇచ్చారు. అంటే కుర్చీ పోయిన మూడు నెలలకే ఆ రెండు ఇన్నింగ్స్. అప్పుడు మేమెవరం దాన్ని అట్టా చూడలా. చానా ఏళ్ళ తర్వాత సచిన్ తన పుస్తకంలో రాసుకున్నాడు, నన్ను తీసేసిన సంగతి బోర్డు నించి ఎవరూ నాకు ఫోన్ చేసి చెప్పలేదు, మీడియా వాళ్ళ ద్వారా తెలిసింది అని. అది ఒక లైబ్రరీలో కూర్చునే చదివా. చదివి పుస్తకం మూసేశా. ఎందుకంటే నేనూ అదే పని చేసినోణ్ణి.

చెప్తా. ఆ 1998లోనే. నేను ఒక హైస్కూల్లో పీఈటీని, స్కూల్ పేరు వద్దు. మా స్కూల్ టీమ్ కి కెప్టెన్ ఒక పిలకాయ, సముద్రం పక్క పాళెం నించి సైకిల్ మీద వచ్చేవాడు, ఎడం చేత్తో బౌలింగ్, బాల్ ఇట్టా లోపలికి వస్తా ఉంటే బ్యాట్ పట్టుకున్న వాడికి కాళ్ళు వణికేవి. మా స్పోర్ట్స్ రూమ్ తాళంచెవి కెప్టెన్ దగ్గర ఉండాలని నేనే రూలు పెట్టా. వాడు దాన్ని మొలతాడుకి కట్టుకునేవాడు. పొద్దున అందరికన్నా ముందొచ్చి రూమ్ తీసి, స్టంపులు భుజాన వేసుకుని గ్రౌండ్ లోకి పోయేవాడు. టీమ్ అంటే ఆ తాళంచెవి, వాడికి అంతే.

జోనల్స్ ఇంకో వారం ఉంది. వాడు ఓవర్లు లెక్క పెట్టుకోవడంలో తికమక పడేవాడు, మంచి బౌలర్ ఓవర్లు ముందే అయిపోగొట్టేసేవాడు, రెండు ఫ్రెండ్లీ మ్యాచ్ లు అట్టా పోయినాయి. ఇంకొక పిలకాయ ఉన్నాడు, లెక్కల్లో ఫస్ట్, ఫీల్డింగ్ పెట్టడం కూడా తెలుసు. నేను మార్చా. మార్చడం తప్పని ఇప్పటికీ అనుకోను. కానీ ఎట్టా మార్చా? సోమవారం ప్రేయర్ లో, ప్రతిజ్ఞ అయిపోయినాక, మైకులో, ఫలానా వాడు ఇక నించి కెప్టెన్ అని చదివేసి చప్పట్లు కొట్టించా. ఆ పిలకాయ వరసలో మూడో వాడు. అందరితో పాటు వాడు కూడా చప్పట్లు కొట్టాడు. నేను చూశా. ప్రేయర్ అయిపోంగానే మొలతాడు దగ్గర చెయ్యి పెట్టి, ముడి విప్పడానికి చానాసేపు పట్టింది, తాళంచెవి తీసి కొత్త కెప్టెన్ చేతిలో పెట్టాడు. నా మొహం చూడలా.

జోనల్స్ లో ఏమైందంటే, టీమ్ రెండు ముక్కలు. పాళెం పిలకాయలు ఒక పక్క, టౌన్ పిలకాయలు ఒక పక్క. కొత్త కెప్టెన్ బాల్ ఇస్తే వాడు బౌలింగ్ చేశాడు, బాగానే చేశాడు, మూడు వికెట్లు కూడా తీశాడు, కానీ ఏదన్నా అడిగితే నీ ఇష్టం అనేవాడు. ఒక్కటే మాట, నీ ఇష్టం. మొదటి మ్యాచ్ లోనే ఓడిపోయి వచ్చాం. బస్ లో ఎవరూ పాటలు పాడలా. నేను ఆ రోజు పాళెం పిలకాయల్ని తిట్టా, మీకు టీమ్ స్పిరిట్ లేదని. తప్పు చేసింది నేను, తిట్లు తిన్నది వాళ్ళు.

చానా ఏళ్ళకి జువ్వలదిన్నె వైపు సముద్రం ఒడ్డుకి చేపల కోసం పోయా. వల బాగు చేసుకుంటా కూర్చున్న ఆయన లేచి నమస్కారం సార్ అన్నాడు. వాడే. గడ్డం నెరిసింది. నేను ఉండబట్టలేక అడిగా, ఆ రోజు నిన్ను తీసేసినందుకు నా మీద కోపం ఉందా అని. వాడు ఏమన్నాడో అట్టాగే చెప్తా. తీసేసినందుకు కాదు సార్, ముందు రోజు సాయంత్రం కూడా మీతోనే గ్రౌండ్ లో ఉండా, తాళం నేనే వేశా, ఒక్క మాట చెప్పుంటే తాళంచెవి నేనే ఇచ్చేసేవాణ్ణి గదా, మొలతాడుకి కట్టుకుని ప్రేయర్ కి ఎందుకొస్తా అన్నాడు. మంచి వంజరం చేప ఒకటి కోయించి గుడ్డలో చుట్టి ఇచ్చాడు, డబ్బులు తీసుకోలా. ఆ పులుసు మా ఇంట్లో అందరూ తిన్నారు, నాకు సయించలా.

అందుకనే 2021 డిసెంబర్ లో కోహ్లీ సంగతి వచ్చినప్పుడు నాకు వేరేగా అనిపించింది. టెస్ట్ టీమ్ ప్రకటన కింద చివరి లైన్ లో, వన్డే టీ20లకి రోహిత్ కెప్టెన్ అని ఒక ముక్క. తర్వాత కోహ్లీ ప్రెస్ మీట్ లో చెప్పాడు, సెలక్షన్ మీటింగ్ కి గంటన్నర ముందు నాకు ఫోన్ వచ్చింది, టెస్ట్ టీమ్ గురించి మాట్లాడుకున్నాం, ఫోన్ పెట్టేసే ముందు వన్డే కెప్టెన్ గా నువ్వు ఉండవు అన్నారు, నేను సరే అన్నా అని. టీ20 కెప్టెన్సీ వదలొద్దని తనకి ఎవరూ చెప్పలేదు అన్నాడు, బోర్డు వైపు నించి అంతకు ముందు వేరే మాట వచ్చింది. నెల తిరిగే సరికి, కేప్‌టౌన్ లో ఓడిన మర్నాడు, 2022 జనవరి 15న టెస్ట్ కెప్టెన్సీ కూడా వదిలేశాడు, 68 టెస్టులకి 40 గెలిచిన మనిషి. కోహ్లీ ఫ్యాన్స్, రోహిత్ ఫ్యాన్స్ అని నువ్వెంత నువ్వెంత అనుకోవడం అప్పణ్ణించి ముదిరిపోయింది. పెద్దోళ్ళు సరిగ్గా నోరు విప్పని చోట ఫ్యాన్స్ తలా ఒక కథ అల్లుకుంటారు, దాంట్లో కొత్తగా వచ్చినోడే దొంగ అవుతాడు. రోహిత్ ఏం దొంగతనం చేశాడు? ఇప్పుడు గిల్ ఏం దొంగతనం చేశాడు? ఇంగ్లండ్ లో మొదటి సిరీస్ లోనే 754 పరుగులు కొట్టాడు, ఎడ్జ్‌బాస్టన్ లో 269, 161, అక్కడ మనం అంతకు ముందు ఒక్క టెస్ట్ గెలవలా. ఓవల్ లో ఆరు పరుగులతో గెలిచి 2-2 చేసుకుని వచ్చారు, ఆ రోజు మన సిరాజ్ పడిన కష్టం చూసి ఏడవని వాళ్ళు లేరు.

హార్దిక్ సంగతి ఇంకా ఘోరం. అది ఐపీఎల్ అయినా చెప్పాలి. 2023 డిసెంబర్ లో ముంబై టీమ్ కి రోహిత్ ని తీసి హార్దిక్ ని పెట్టారు. 2024లో ఏ గ్రౌండ్ కి పోయినా బూ అని అరిచారు, అహ్మదాబాద్, హైదరాబాద్, చివరికి సొంత వాంఖెడేలో కూడా. ఏప్రిల్ 11న ఆర్సీబీ మ్యాచ్ లో కోహ్లీ చేతులతో సైగ చేశాడు జనానికి, అరవొద్దు, వాడు మనోడే అని. అవతల టీమ్ మనిషి చెప్పాల్సి వచ్చింది చూడండి. జూన్ 29న బార్బడోస్ లో టీ20 వరల్డ్ కప్ ఫైనల్, చివరి ఓవర్ లో సౌతాఫ్రికాకి 16 కావాలి, బాల్ ఎవరి చేతిలో? హార్దిక్ చేతిలో. ఇచ్చింది ఎవరు? రోహిత్. మొదటి బాల్ కే మిల్లర్ కొట్టింది సూర్య బౌండరీ దగ్గర పట్టాడు, ఏడు పరుగులతో గెలిచాం, హార్దిక్ కూలబడి ఏడ్చాడు. అదే వాంఖెడేలో జులై 4న హార్దిక్ హార్దిక్ అని అరిచారు. సంతోషమే, కానీ ఆ రెండు నెలలు ఆ మనిషి విన్నది ఎవరు తిరిగి తీసుకుంటారు?

ఫ్యాన్ అంటే నా దృష్టిలో ఎవరో చెప్తా. మా పక్కింటి కుర్రోడు ఒకడు, 2023లో రొట్టెల పండగకి నెల్లూరు పోయి స్వర్ణాల చెరువులో ఒక రొట్టె పట్టుకున్నాడు. ఉద్యోగం రొట్టె పట్టుకోరా అని ఇంట్లో చెప్పి పంపిస్తే వీడు వరల్డ్ కప్పు అనుకుని పట్టుకున్నాడంట. నవంబర్ 19న అహ్మదాబాద్ లో ఓడిపోయాం, వాడు రెండు రోజులు అన్నం తినలా. మరుసటి ఏడాది జూన్ లో కప్పు వచ్చింది, జులైలో పండగ. మొక్కు తీరితే రొట్టె ఇవ్వాలి గదా, వాళ్ళమ్మ చేత కాల్పించుకుని పోయి, నీళ్ళలో నిలబడి, ఎవరో తెలియని పెద్దాయనకి రొట్టె ఇచ్చి వచ్చాడు. వాడు కోహ్లీ ఫ్యాన్, రోహిత్ కెప్టెన్సీలో వచ్చిన కప్పు కోసం మొక్కుకున్నాడు. వాడికి నేను దండం పెడతా. బెట్టింగ్ పెట్టి మ్యాచ్ చూసే వాళ్ళని మాత్రం నేను ఫ్యాన్స్ లో కలపను, ఆ డబ్బుతో కొంపలు ఆరిపోయిన వాళ్ళు మన జిల్లాలో ఎంత మందో మీకు తెలుసు, దాని గురించి ఇంక మాట్లాడను.

ధోనీని చూడండి. 2017 జనవరి 4న వన్డే టీ20 కెప్టెన్సీ తనంతట తనే వదిలాడు, అప్పుడు సెలెక్టర్ల చైర్మన్ మన గుంటూరు ఎమ్మెస్కే ప్రసాద్. పదిహేను రోజులకి కటక్ లో కోహ్లీ కెప్టెన్సీలో ఇంగ్లండ్ మీద 134 కొట్టాడు, పక్కన యువరాజ్ 150. గంగూలీని అయితే తీసేశారు, కెప్టెన్సీ నించీ తీసేశారు, టీమ్ నించీ తీసేశారు. 2006 డిసెంబర్ లో జోహన్నెస్‌బర్గ్ లో తిరిగొచ్చి 51 నాటౌట్, సౌతాఫ్రికాలో మనం గెలిచిన మొదటి టెస్ట్ అది. ఆయన చివరి టెస్ట్ 2008 నవంబర్, నాగ్‌పూర్, ధోనీ కెప్టెన్. మ్యాచ్ గెలవబోతా ఉండగా చివర్లో ధోనీ పోయి, దాదా, కాసేపు నువ్వు చెయ్యి కెప్టెన్సీ అని అప్పజెప్పాడు. గంగూలీ ఫీల్డింగ్ మార్చాడు, బౌలర్లని మార్చాడు, కాసేపే. ఆ తాళంచెవి కాసేపు మళ్ళీ ఆయన చేతికి ఇచ్చినట్టు. నాకు ధోనీ కొట్టిన సిక్సులన్నీ ఒక ఎత్తు, అది ఒక ఎత్తు.

ఆడపిల్లలు చానా మంది వచ్చారు, సంతోషం. నవంబర్ 2న నవీ ముంబైలో వరల్డ్ కప్ ఫైనల్, వానకి లేటుగా మొదలై అర్ధరాత్రి దాటింది, మా ఆవిడా నేనూ ఇద్దరం మేలుకునే ఉండాం. సౌతాఫ్రికా మీద 52 పరుగులతో గెలిచారు, చివరి క్యాచ్ హర్మన్‌ప్రీతే పట్టింది. మన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఈ కప్పులో 14 వికెట్లు తీసింది. మన పక్క జిల్లా పిల్ల, అమ్మా! మన గ్రౌండ్ తుఫాను వానలకి ఇంకా బురదగానే ఉండాది, ఎండిపోంగానే ఆడపిల్లలకి కూడా పొద్దున పూట నెట్స్ పెడదామని అనుకుంటా ఉండాం, పేర్లు మేడం దగ్గర రాయించండి.

నేను చెప్పాలనుకున్నది అయిపోయింది. ఏదన్నా అడగాలంటే అడగండి. ఆ, నువ్వు, చారల చొక్కా.

(సార్, రోహిత్ ని 2027 దాకా ఉంచి ఉంటే బాగుండేది గదా?)

నాకూ అట్టాగే అనిపించింది అబ్బయ్యా. నేను ఉంచేవాణ్ణి. కానీ అది గిల్ తో నాకుండే గొడవ కాదు. నీకు కోపం వస్తే సెలెక్టర్లని అడుగు, మర్యాదగా అడుగు. గిల్ ఫోటో కింద తిట్లు రాయొద్దు. వాళ్ళమ్మా నాయనా చదువుతారు దాన్ని.

ఇంకా? చెప్పమ్మా, నిలబడు, మైకు తీసుకో.

(సార్, ఆ అబ్బాయికి మళ్ళీ తాళంచెవి ఇచ్చారా?)

లేదమ్మా. వాడు టెంత్ రాసేసి వెళ్ళిపోయాడు, కాలేజీకి పోలా. కొత్త కెప్టెన్ కూడా జోనల్స్ నించి వచ్చిన మర్నాడు పొద్దున నా దగ్గరికి వచ్చి, సార్ ఇది నాకొద్దు అని తాళంచెవి నా టేబుల్ మీద పెట్టేసి పోయాడు. ఆ ఏడాది చివరి దాకా అది నా సొరుగులోనే ఉంది. రూమ్ నేనే తీసేవాణ్ణి.